గుత్రా కింద బేరం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాత వచ్చిన రెండో చలికాలం, జనవరి నెల. బహ్రెయిన్‌లో భవనాలు, తోటలు, మైదానాల నిర్వహణ చూసే ఒక కంపెనీలో నేను కాంట్రాక్ట్స్ ఆఫీసరుని. ఆఫీసు సనాబిస్‌లో. ఆ నెల నాకు అప్పగించిన పని చిన్నదే. సఖీర్ వైపు ఎడారి అంచున ఉన్న ఒక బేస్‌బాల్ మైదానం వార్షిక నిర్వహణ కాంట్రాక్టును మరో ఏడాదికి పొడిగించుకుని రావాలి.

బహ్రెయిన్‌లో బేస్‌బాల్ ఏమిటని మా ఆఫీసులోనే చాలామంది అడిగేవారు. అది టీవీలో చూపించే ఆట కాదు, వారాంతపు లీగు. జట్లు నాలుగు. ఫిలిప్పీన్స్ వాళ్లవి రెండు, జపాన్, కొరియా ఇంజినీర్లు కలిసి ఒకటి, అమెరికాలో చదువుకుని వచ్చిన బహ్రెయినీలూ ఇంగ్లిషు బడుల్లో పాఠాలు చెప్పే పంతుళ్లూ కలిసి మరొకటి. కూర్చోవడానికి ఒక పక్కన ఇనుప మెట్లు, టీ అమ్మే డబ్బా కొట్టు, చుట్టూ జాలీ, జాలీ అవతల ఇసుక. గాలి అటునుంచి వీస్తే రేసు ట్రాకు మీద కార్ల మోత వినిపించేది.

కాంట్రాక్ట్స్ ఆఫీసరంటే ఊళ్లో పెద్ద హోదా అనుకునేవారు, నేనూ కాదనలేదు. వరసలో చూస్తే కమర్షియల్ మేనేజరు కింద, సైటు సూపర్‌వైజరు పైన. ఒక పనికి ఎంతమంది కావాలో, ఏ సామాన్లు కావాలో లెక్కగట్టి కొటేషన్ ఇవ్వాలి. ఖాతాదారు తగ్గించమన్నప్పుడు ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తగ్గినట్టు కనిపిస్తే చాలో చూసుకోవాలి. బేరం తెగిన చోటే మినిట్స్ రాసి రెండు పక్షాల సంతకాలు పెట్టించాలి. మినిట్స్ అంటే కూర్చుని ఏమేం ఒప్పుకున్నామో రాసుకునే కాగితం. ఆ తర్వాత వాళ్ల ఆఫీసు నుంచి ఎల్‌పీవో, అంటే పని ఇస్తున్నట్టు ఉత్తర్వు వస్తే ఆ ఫైలు నా బల్ల మీంచి దిగినట్టే. బేరానికి బయల్దేరే ముందు మేనేజరు ఒక అడుగు ధర చెప్పి పంపుతాడు. అంతకంటే కిందికి దిగాలంటే ఆయనకు ఫోన్ చేయాలి. ఖాతాదారు ఎదుట కూర్చుని పై అధికారికి ఫోన్ చేయడం నాకు చిన్నతనం. అలాంటి ఫోను చేయకుండానే రిటైరయ్యానని చెప్పుకోవడం నాకిష్టం.

ఆ ఏడు మాకు పోటీ వచ్చింది. ఇంకో కంపెనీ నలుగురు మనుషులు, ఒక చిన్న ట్రాక్టరుతో అదే పని చేస్తామని మాకంటే తక్కువకు రాసిచ్చింది. మా వాళ్లు ఆరుగురు. మేనేజరు నాకు రెండు రేట్లు చేతికిచ్చాడు. ఆరుగురితో ఒకటి, నలుగురితో ఒకటి. "నలుగురిది ముందే చూపించు, గొడవ ఉండదు" అన్నాడు.

ఆయనకు గొడవ ఉండదు, నాకే ఉంటుంది. ఆ ఆరుగురూ మా వైపువాళ్లే, జగిత్యాల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. మేస్త్రీ పేరు పోశెట్టి. బేస్‌బాల్ మైదానంలో ప్రతిదానికీ వాళ్లు తమ పేరు పెట్టుకున్నారు. ఆటగాళ్లు పరుగెత్తి తాకే సంచులు దిండ్లు. బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బ గద్దె. సున్నంతో గీసే గీతలు ముగ్గు. ఆట మొదలయ్యే ముందు ఎర్రమట్టిని ఇనుప జల్లెడతో ఈడ్చి చదును చేయడం, నీళ్లు చల్లి దుమ్ము అణచడం, ముగ్గు పెట్టడం, మధ్యమధ్యలో జట్లు మారేటప్పుడు పరుగున వెళ్లి అడుగుల గుంతలు పూడ్చడం వాళ్ల డ్యూటీ.

ఆరుగురి వర్క్ పర్మిట్లూ ఆ తర్వాతి నెలతో ముగుస్తున్నాయి. సైటు ఉన్నవాళ్లకే పర్మిట్లు పొడిగిస్తామని కంపెనీ చెప్పేసింది. అమ్వాజ్‌లో మా పని ఉంది గాని అక్కడ మనుషులు నిండిపోయారు. కాంట్రాక్టు పోతే ఆరుగురూ ఇంటికి, నలుగురికి ఒప్పుకుంటే ఇద్దరు ఇంటికి. ఆ ఇద్దరెవరో ఎవరూ పైకి అనలేదు. చివర వచ్చినవాళ్లు ముందు పోవడం ఏ క్యాంపులోనైనా రివాజు. చివర వచ్చింది పోశెట్టి బామ్మర్ది లింబాద్రి, అతని ఊరివాడే అయిన సాయన్న.

పోశెట్టి నాకు ఫోన్ చేశాడు. నన్ను వాళ్లు సార్ అనరు, సేటూ అంటారు. మా నాన్న దుకాణం తెలిసినవాళ్ల దగ్గర నాకు మరో పదవి దొరకలేదు.

"సేటూ, ఆరుగురం ఉండాలె. నలుగురే అంటే నేను లింబాద్రిని ఏ నోటితోని పొమ్మనాలె? రేపు నేను ఇంటికి వోతే నా పెండ్లాం నన్ను గడప తొక్కనియ్యది."

"ఆరుగురే ఉంటరన్నా. నేను జూసుకుంట" అన్నాను. దుకాణంలో పుట్టినవాడికి సరుకు లేకపోయినా ఉందనడం అలవాటు.

ఖాతాదారు తరఫున మాట్లాడేది మైదానం నడిపే క్లబ్బు కార్యదర్శి. అందరూ అబూ యూసుఫ్ అంటారు. డెబ్భైకి దగ్గరగా ఉన్న బహ్రెయినీ పెద్దమనిషి. పాతతరం వర్తక కుటుంబాల వాళ్లలాగే హిందీ ధారాళంగా మాట్లాడతాడు. బహ్రెయినీలు, పంతుళ్లు కలిసిన జట్టుకు మేనేజరు కూడా ఆయనే. శుక్రవారం ఉదయం ఆట ఉందనీ, వచ్చి చూసి, ఆట అయ్యాక మాట్లాడుకుందామనీ కబురు చేశాడు.

నేను లోపల సంబరపడ్డాను. శుక్రవారం మధ్యాహ్నం ఆయన మసీదుకు వెళ్లాలి. ఆట అయ్యేసరికి సమయం దగ్గరపడుతుంది. తొందరలో ఉన్న మనిషి బేరం సాగదీయడు. మైదానంలో దిగి పోశెట్టిని మొదట అడిగిందదే, ఆట ఎన్నింటికి అయిపోతుందని.

"గిది గడియారం లేని ఆట సేటూ. ముగ్గురు అవుటైతెనే అటోళ్లు ఇటు వస్తరు, ఇటోళ్లు అటు వోతరు. కాకుంటే గట్లనే నిలవడ్తరు. ఒక్కోసారి మేం తిని పండి లేసినా నడుస్తనే ఉంటది."

నా మొదటి ఎత్తుగడ అక్కడే పోయింది. ఫైలు ఒళ్లో పెట్టుకుని ఇనుప మెట్ల చివర, కింది వరసలో కూర్చున్నాను. ఆరుగురూ గుంతలు పూడ్చే పారలు, చీపుర్లు పక్కన పెట్టుకుని నా పక్కనే కూర్చున్నారు. మాకు ఆనుకుని కంచె, కంచె అవతల ఫిలిప్పీన్స్ జట్లలో ఒకదాని బెంచి. అబూ యూసుఫ్ తన జట్టుతో ఎదురు పక్కన ఉన్నాడు. ఆయన జట్టు బంతి విసురుతోంది, ఫిలిప్పీన్స్ వాళ్లు కర్రతో కొడుతున్నారు.

ఇక్కడ మా నాన్న దుకాణం గురించి చెప్పాలి. వారం వారం జరిగే పశువుల అంగట్లో ఆయన పగ్గాలు, ముకుతాళ్లు, మువ్వల పట్టెడలు అమ్మేవాడు. అంగట్లో ఎద్దు ధర నోటితో చెప్పరు. కొనేవాడు, దళారి చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు పట్టి, నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎవరికీ తెలియదు. మా నాన్నకు తెలిసేది. వేళ్లు కనిపించకపోయినా మోచేతులు కనిపిస్తాయి, భుజాలు కనిపిస్తాయి. ఒక వేలు పడితే మోచేయి కదలదు, నాలుగు వేళ్లు పడితే ముంజేయి బిగుస్తుంది. ఎద్దుకు ఎక్కువ పెట్టాడని పసిగడితే మా నాన్న అతనికి పగ్గం ధర కూడా అందుకు తగ్గట్టే చెప్పేవాడు. ఆ చూపు నాకూ పట్టుబడింది. చదువులో అంత శ్రద్ధ పెట్టి ఉంటే కమర్షియల్ మేనేజరునే అయ్యేవాడినేమో.

ఆట నాకు అర్థం కాలేదు. కాసేపు బంతి వెనక చూపు తిప్పి అలసిపోయాను. అప్పుడు క్యాచర్ మీద కన్ను పడింది. క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు. కర్రతో కొట్టేవాడి వెనక గొంతుకూర్చుంటాడు. ప్రతి బంతికి ముందు అతని కుడి చేయి తొడల మధ్యకు పోతోంది. ఎడమ చేతికున్న తోలు చేతొడుగు అడ్డం పెడుతున్నాడు. గద్దె మీద ఉన్నవాడు అటు చూసి ఒకసారి తల అడ్డంగా ఊపుతాడు, ఇంకోసారి నిలువుగా ఊపుతాడు. ఆ తర్వాతే బంతి వస్తుంది.

నాకు ఊపిరి ఆడినట్టయింది. ఎడారిలో, ఎన్నడూ చూడని ఆటలో, మా అంగడి దొరికింది.

నాలుగైదు బంతులు చూశాను. మోచేయి కదలకపోతే బంతి వేగంగా నేరుగా వస్తోంది. మోచేయి పక్కటెముకకు నొక్కుకుంటే బంతి దగ్గరకు వచ్చి వంగి కిందికి జారుతోంది. కొట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతింటున్నది దానికే.

"అన్నా, ఇప్పుడు వంకర వస్తది సూడు" అన్నాను పోశెట్టితో.

వచ్చింది.

"ఇప్పుడు సక్కగ."

అదీ వచ్చింది. పోశెట్టి నా వైపు తిరిగాడు. "నువ్వు గీ ఆట ఎన్నడు నేర్సినవ్ సేటూ?"

"ఆట రాదన్నా. బేరం సమజయితుంది."

"ఇగో, గీసారి చెప్పితె చాయ నాది."

చాయ గెలిచాను. రెండో చాయ సాయన్న ఒప్పుకున్నాడు. తర్వాత లింబాద్రికి కూడా పట్టుబడింది. వాళ్ల అమ్మమ్మ ఊరు అంగడి పక్కనేనట. అప్పటినుంచి ఆరుగురూ బంతి చేయి దాటక ముందే ఒక్క గొంతుతో అరవడం మొదలుపెట్టారు. "వంకరా!" "సక్కగా!" ఎవరికి చెప్పి అరుస్తున్నామన్న ఆలోచన ఎవరికీ లేదు. పందెంలో ఉన్నాం.

కంచె అవతలి బెంచివాళ్లకు తెలుగు రాదు. రానక్కరలేదు కూడా. ఈ ఆరుగురు ఒక మాట అరిస్తే బంతి వంగుతోంది, ఇంకో మాట అరిస్తే నేరుగా వస్తోంది. మెడలో తువ్వాలు వేసుకున్న ఒకాయన మొదట మా వైపు చూశాడు, తర్వాత గద్దె వైపు చూశాడు, మళ్లీ మా వైపు చూసి పక్కవాడి మోకాలు తట్టాడు. కాసేపటికి "వంకరా" అనగానే కర్ర ఎత్తినవాడు కదలకుండా నిలబడుతున్నాడు. "సక్కగా" అనగానే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొడుతున్నాడు. వరసగా కొట్టారు. ఒక బంతి జాలీ మీంచి ఎగిరి ఎడారిలో పడింది. దాన్ని తేవడానికి సాయన్న పరుగెత్తాల్సి వచ్చింది. పోతూ పోతూ కూడా వెనక్కి తిరిగి "నేను అచ్చేదాంక చెప్పకు సేటూ" అని అరిచాడు.

కాసేపటికి ఫిలిప్పీన్స్ బెంచి కూడా గొంతు కలిపింది. "బంకరా! బంకరా!" నాకు నవ్వు ఆగలేదు. గల్ఫుకు వచ్చిన తెలుగువాళ్లలో భాషకు ఇంత సేవ చేసినవాడు లేడనుకున్నాను.

క్యాచర్ ముఖం మీది ఇనుప ముసుగు తీసి లేచాడు. అంపైరు దగ్గరికి నడిచాడు. చేయి చాపి మమ్మల్ని చూపించాడు.

ఈ ఆటలో క్యాచర్ సంజ్ఞ పట్టుకోవడం ఆడేవాళ్లు తమలో తాము చేసుకునే గడుసుతనమట. బయటివాళ్ల చేత పట్టించడం మాత్రం మోసం. మైదానం పనివాళ్ల చేత పట్టించడం ఇంకా పెద్ద మోసం, ఎందుకంటే వాళ్లు రెండు జట్లకూ సమానం కావాలి. అంపైరు మా దగ్గరికి వచ్చి, కోపం లేకుండానే, జాలీ అవతలికి నడవమన్నాడు. ఆరుగురు భుజాల మీద పారలు, చీపుర్లు పెట్టుకుని, వెనకాల నేను ఫైలు పట్టుకుని, మైదానం చుట్టూ తిరిగి బయటికి వెళ్లాం. మెట్ల మీద ఉన్న కొద్దిమందీ మమ్మల్నే చూశారు.

బయట నిలబడ్డాక పోశెట్టే మొదలుపెట్టాడు.

"లోపట ఉంచుత అంటివి సేటూ. జాలీ అవుతల నిలవెడ్తివి."

"అరిసింది మీరే గదా అన్నా."

"చెప్పింది ఎవరు మరి?"

లింబాద్రి ఇసుకలో కూలబడి, "బావా, అక్కకు ఫోన్ చెయ్. గింత అన్నం ఎక్కువ పెట్టమను, వస్తున్నమని" అన్నాడు. ఆ మాట తర్వాత నాకు ఆటలో ఏం జరిగిందో గుర్తు లేదు. అబూ యూసుఫ్ జట్టు ఓడిపోయిందని అవతలి అరుపులను బట్టి తెలిసింది. ఓడిన మనిషితో బేరానికి కూర్చోవడం ఏ అమ్మకందారుడూ కోరుకోడు.

ఆయన ముందు గెలిచినవాళ్లతో కరచాలనం చేశాడు. తన ఆటగాళ్ల భుజాలు తట్టాడు. అందరికీ ఖర్జూరాలు పంచాడు. ఆ తర్వాతే నన్ను పిలిపించాడు. గొంతు పెంచలేదు. మైదానం పనివాళ్లు ఒక జట్టు వైపు కూర్చున్నారని రేపటికల్లా మిగతా రెండు జట్లకూ తెలుస్తుందనీ, వాళ్లు తనను అడుగుతారనీ, ఈ మనుషులను ఇక ఉంచుకోలేననీ చెప్పాడు. ధర గురించి మాట్లాడాల్సిన పని కూడా లేదన్నాడు. "ఖలాస్" అని లేవబోయాడు.

కనిపెట్టింది వాళ్లు కాదు, నేను అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ మెట్ల మీంచి క్యాచర్ వేళ్లు కనిపించవు, తన ఆటగాళ్లకే కనిపించవు అన్నాడు. వేళ్లు చూడలేదు, మోచేయి చూశానన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, క్యాచర్‌ను పిలిచి గొంతుకూర్చోమన్నాడు. నన్ను మెట్ల మీద అదే చోట కూర్చోబెట్టాడు. క్యాచర్ సంజ్ఞ చేస్తున్నాడు, నేను వేళ్ల లెక్క చెబుతున్నాను. ఒక్కసారి తప్పు చెప్పాను, ఆ సారి అతను కాలు గోక్కున్నాడు. మిగతావన్నీ సరిపోయాయి. క్యాచర్ ముఖం ఎర్రబడింది. అతను బడిలో లెక్కల పంతులట.

ఇది ఎక్కడ నేర్చావని అబూ యూసుఫ్ అడిగాడు. మా ఊరి అంగడి గురించి, తువ్వాల గురించి, పగ్గాల దుకాణం గురించి చెప్పాను. ఆయన మళ్లీ కూర్చున్నాడు. వాళ్ల తాత తవ్వాష్ అట, అంటే పడవ నుంచి పడవకు తిరిగి ముత్యాలు కొనే వర్తకుడు. వాళ్లు కూడా చేతులు కలిపి పైన ఎర్రగుడ్డ కప్పి వేళ్లతోనే ధర తెంచుకునేవారట. చిన్నప్పుడు తాత పక్కన కూర్చునేవాణ్ణనీ, ఆ పద్ధతి ఆడి చూడటానికి ఇప్పుడు మనిషి దొరకడనీ అన్నాడు. తల మీది గుత్రా తీశాడు. తెల్లటి తలగుడ్డ, చాలా పెద్దది. నా కుడి చేయి పట్టుకుని దాని మీద గుత్రా కప్పాడు.

"యల్లా సేఠ్" అన్నాడు, ఇక కానివ్వమని.

నన్ను ఆయన కూడా సేఠ్ అనేసరికి నా హోదా తేలిపోయింది.

ఏ వేలు దేనికో, కణుపు దేనికో ముందే చెప్పాడు. వినడానికి తేలికే. చేయి లోపలికి వెళ్లాక గాని నా సంగతి నాకు తెలియలేదు. అంగట్లో నేను ఎన్నో బేరాలు చూశాను, ఒక్కటీ ఆడలేదు. మా నాన్న అమ్మింది పగ్గాలు. తువ్వాల కింద మా ఇంటివాళ్ల చేయి ఎన్నడూ లేదు. పోనీ ఆయన మోచేయి చూద్దామంటే, ఆయన తొడుక్కున్నది వదులు చేతుల పొడుగు అంగీ. అందులో మోచేయి ఎక్కడుందో పైవాడికే తెలియాలి.

ఆయన ధర నొక్కాడు. బాగా తక్కువ. నేను తల అడ్డంగా ఊపి నా ధర నొక్కాను. ఆయన కొంచెం ఎక్కాడు, నేను కొంచెం దిగాను. ఇక్కడిదాకా నాకు తెలిసిన ఆటే. అప్పుడు ఆయన ధర వదిలేసి నా నాలుగు వేళ్ల కొనలను ఒకదాని తర్వాత ఒకటి తాకి, మెల్లగా "నఫర్" అన్నాడు. మనుషులు అని. నలుగురు మనుషులు.

నా చేయి వెనక్కి లాక్కుంది. నేను లాక్కోలేదు, అదే లాక్కుంది. ఆయన మణికట్టు వదల్లేదు. అప్పటిదాకా గుత్రా మీదున్న ఆయన చూపు నా ముఖం మీదికి వచ్చింది. కొంచెం నవ్వాడు.

ఆ తర్వాత బేరం ఆయన చేతిలోకి పోయింది. ధర ఒక మెట్టు దించుతాడు. నేను వేళ్లు బిగిస్తే మళ్లీ నాలుగు కొనలు తాకుతాడు. చేయి ఉలిక్కిపడుతుంది. అప్పుడు నా ఐదు వేళ్లూ పట్టి, పైన ఇంకో వేలు కలిపి, సరే ఆరుగురే అని ధర ఇంకో మెట్టు దించుతాడు. నేను ఒప్పుకుంటాను. మళ్లీ మొదలు. మా చుట్టూ క్యాచర్, అంపైరు, టీ కొట్టతను, మెడలో తువ్వాలున్న ఫిలిప్పీన్స్ ఆయన కూడా నిలబడి చూస్తున్నారు. జాలీ అవతల ఆరుగురూ వేళ్లు జాలీలో దూర్చి చూస్తున్నారు. ఎవరికీ ఏమీ తెలియడం లేదు. మా నాన్న ఉండి ఉంటే నా భుజం చూసి అంతా చెప్పేసేవాడు.

ఆరుగురికి మేనేజరు చెప్పిన అడుగు ధర దగ్గరికి వచ్చాక నేను పిడికిలి మూసేశాను. అక్కడి నుంచి ఎన్నిసార్లు నాలుగు తాకినా తెరవలేదు. ఆయన రెండుసార్లు తాకి ఆగాడు. నా అడుగు ధర ఎక్కడుందో ఆయనకు అర్థమైంది. అక్కడే ముగించాడు. గుత్రా తీసి దులిపి తల మీద సర్దుకుంటూ, పోటీ కంపెనీ రేటు ఇప్పటికీ దీనికంటే తక్కువేననీ, కాని వాళ్ల మనిషి ఫోన్‌లో తప్ప ఎన్నడూ మాట్లాడలేదనీ అన్నాడు.

మినిట్స్ అక్కడే రాశాను. మొదటి అంశం ధర. రెండోది, ఏడాది పొడుగునా ఆరుగురు. తర్వాతి అంశాలు ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆట నడుస్తున్నప్పుడు పనివాళ్లు జాలీ అవతలి షెడ్డులోనే ఉండాలి, జట్లు మారేటప్పుడే లోపలికి రావాలి. కంపెనీ తరఫున కాంట్రాక్ట్స్ ఆఫీసరు నాలుగు జట్ల కెప్టెన్ల దగ్గరికి స్వయంగా వెళ్లి జరిగింది చెప్పి క్షమాపణ అడగాలి. చివరిది, సదరు కాంట్రాక్ట్స్ ఆఫీసరు ఇకపై ఆట సమయంలో మైదానంలోకి రాకూడదు. నా మీద నేనే నిషేధం రాసుకుని సంతకం పెట్టిన కాగితం మా ఆఫీసు ఫైళ్లలో ఇంకా ఉండే ఉంటుంది.

జాలీ దగ్గరికి వెళ్లాను. పోశెట్టి పార వదలకుండా నిలబడ్డాడు.

"ఏమాయె?"

"ఆరుగురు."

లింబాద్రి వెనక్కి తిరిగి ముఖం తుడుచుకున్నాడు. సాయన్న అతని వీపు మీద ఒకటి చరిచాడు. పోశెట్టి మాత్రం నా ముఖం చూస్తూనే ఉన్నాడు.

"ఎంతకు తెంపినవ్?"

"అది గుడ్డ కిందనే ఉండనీ అన్నా."

"అంటే మునిగినవన్నట్టు" అని పార భుజానికెత్తుకుని గద్దె సర్దడానికి లోపలికి నడిచాడు.

మేనేజరు మినిట్స్ చదివి, నలుగురి రేటు ఎందుకు చూపించలేదని ఒక్కటే అడిగాడు. చూపించాల్సిన అవసరం రాలేదన్నాను. అడుగు ధరకు ఒక మెట్టు కూడా పైన ఆగలేకపోయిన బేరం నా ఉద్యోగంలో అదొక్కటేనని ఆయన గుర్తు చేశాడు. చివరి అంశం చదివి మాత్రం నవ్వాపుకోలేక తలుపు వేసుకున్నాడు. పర్మిట్లు ఆరూ ఆ నెలలోనే పొడిగించారు. నలుగురు కెప్టెన్ల దగ్గరికీ వెళ్లాను. ఫిలిప్పీన్స్ కెప్టెన్లు క్షమించడమే కాక, వచ్చే వారం కూడా వస్తావా అని అడిగారు.

ఆ ఉదయం వరకు బేరంలో నేను పాటించిన సూత్రం ఒకటే. ఏది వదులుకోలేమో దాన్ని లోపల దాచాలి, అవతలివాడికి తెలిస్తే దాని మీదే నొక్కుతాడు. అబూ యూసుఫ్ గుత్రా కింద తేలింది వేరు. దాచినదాన్ని అవతలివాడు ఎప్పుడో ఒకప్పుడు తడిమి పట్టుకుంటాడు. పట్టుకున్నాక ఆ ఒక్కదానికే మళ్లీ మళ్లీ చెల్లించాల్సి వస్తుంది. ఆరుగురు కావాలని కూర్చోగానే పైకి చెప్పి ఉంటే దానికి ఒక్కసారి చెల్లించి, మిగతా ధర మీద నా పట్టు నేను నిలుపుకునేవాడిని.

తర్వాతి ఏళ్లలో నేను ఇచ్చిన ప్రతి కొటేషన్‌లోనూ మొదటి పేజీలో, ధర కంటే ముందు, మార్చడానికి వీలులేని అంశం ఏదో ఒక్క వాక్యంలో రాసి ఇచ్చాను. ఆ వాక్యం చదివి బేరానికి పిలవకుండానే వదిలేసిన ఖాతాదారులు కొందరున్నారు. పిలిచినవాళ్లలో ఒక్కరూ దాని మీద చేయి వేయలేదు.